వినకూడని మాట

కమిటీ కార్యాలయం, రాజధాని
ఎండలు తగ్గుముఖం పట్టిన వారం

తమ్ముడూ,

ఫోన్లో అయితే నువ్వు "సరే అక్కా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తావు. మళ్ళీ చెయ్యవు. ఉత్తరమైతే కనీసం మీ గుమస్తమ్మగారైనా గుర్తు చేస్తారని రాస్తున్నాను.

నన్ను ఈ కమిటీలో వేశారని నీకు తెలుసు. పని ఇప్పుడు మొదలైంది. వకీలుని పెట్టుకునే స్తోమత లేనివాళ్ళకి రాష్ట్రమంతటా న్యాయ సహాయం ఎలా అందాలన్నదానికి ఒక ప్రణాళిక రాయాలి. ఏ జిల్లాలో కేంద్రం ఉండాలి, అందులో ఎవరుండాలి, ఏ కేసులు ముందు తీసుకోవాలి, వేటిని వదులుకోవాలి, అన్నీ. పెద్దజడ్జిగారు అధ్యక్షులు. పదవీ విరమణ చేశారు గానీ ఆయన గొంతు ఇంకా బెంచి దిగలేదు. రాసే పని నాది. అంటే మాటలు అందరివీ, తిట్లు నావి.

మాకు ఇచ్చిన హాలు పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంటుంది. కిటికీలు తెరుచుకోవు. గోడ నిండా రాష్ట్రం మ్యాపు. పొద్దస్తమానం దాన్నే చూస్తుంటే జిల్లాలన్నీ ఒకే రంగులోకి వచ్చేస్తున్నాయి. అందుకే నిన్ను అడుగుతున్నాను. నీ కేంద్రం సంగతి రాయి. నివేదికల్లో పంపేది కాదు, అవి నేను చదివాను, అందరూ చల్లగా ఉన్నట్టే ఉంటుంది. నీకు నిద్ర పట్టనివ్వనిది ఏమిటో అది రాయి.

మీ బావ కులాసా. నేను ఇంట్లో కూరలకి కూడా ప్రణాళిక వేస్తున్నానని ఒకటే గోల.

నీ అక్క


సహాయ కేంద్రం, కోర్టు వెనక వీధి

అక్కా,

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నువ్వే చించుకోమన్నావు కాబట్టి తర్వాత నన్ను అనకు.

మా కేంద్రం నువ్వు చూడలేదు కదా. ఒకప్పుడు కోర్టువాళ్ళు విరిగిన సామాను పడేసుకునే గది. ఇప్పటికీ పాత అలవాటు పోక, ఎవరో ఒకరు చెయ్యి విరిగిన కుర్చీ తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతారు. కిటికీ తెరిస్తే కోర్టు జనరేటరు. మూస్తే ఉక్క. నేనూ గుమస్తమ్మగారూ, ఇద్దరమే. నాకు జ్వరమొస్తే జిల్లాలో పేదవాళ్ళ చట్టానికి జ్వరమొచ్చినట్టే. ఆవిడకి ఊళ్ళో ప్రతి ముఖమూ తెలుసు. మనిషి మెట్టెక్కకముందే సంగతేమిటో చెప్పేస్తారు.

నిద్ర పట్టనివ్వనిది ఇదీ.

పోయిన వారం ఒకావిడ వచ్చింది. పేరూ ఊరూ రాయను, నువ్వు అడగొద్దు. మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు. కూర్చోకుండానే పేరు చెప్పింది. వినగానే గుమస్తమ్మగారు నా వైపు చూశారు. ఆవిడకి అవతలి పక్షం మనిషి అప్పటికే మా దగ్గరికి వచ్చి వెళ్ళాడు. అతని మాట విన్నాను, అతని తరఫున వకాలత్తు వేశాను. ఒకే కేంద్రం రెండు పక్షాలకీ నిలబడకూడదు. నిలబడకపోవడం ఒక్కటే కాదు, వినకూడదు కూడా. ఆవిడ చెప్పింది నా చెవిన పడితే, రేపు కోర్టులో దాన్ని ఆవిడ మీదే తిప్పినవాణ్ణి అవుతాను.

ఆవిడ నోరు తెరవబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. "అమ్మా, ఆగండి. మీ మాట నేను వినకూడదు" అన్నాను.

పేదవాళ్ళ వకీలు మీరే కదా అని అడిగింది. అవునన్నాను. మరి నేను పేదదాన్నే కదా అంది. దానికీ అవుననే అన్నాను. రూలు వివరించాను. వివరిస్తున్నంతసేపూ నా గొంతు నాకే వేరే ఎవరిదోలా వినపడింది. వినడానికి ఇంకెవరున్నారని అడిగింది. పక్క జిల్లాలో ఒకరున్నారు, కానీ ఆయన మా జిల్లా కేసులు తీసుకోకూడదు. ఆ మాట ఆవిడకి ఎలా చెప్పను?

గుమస్తమ్మగారు ఉండబట్టలేక లేచారు. "మీరు వినకూడదు సరే, నేను బయటికి తీసుకెళ్ళి వింటాను." మీరూ ఈ కేంద్రం మనిషేనండీ, మీరూ వినకూడదు అన్నాను. గుమస్తమ్మగారు మూడు రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఇంకా ఉంది. నాకు జుట్టు కత్తిరించే అతను మొన్న కత్తెర ఆపి అన్నాడు: "ఇంట్లో గొడవ మొదలైతే ముందు మీ దగ్గరికి పరుగెత్తాలటగా సార్. ముందు ముట్టుకున్నవాడికే వకీలట, రెండోవాళ్ళు అవుటట." నవ్వుతూనే అన్నాడు. ఊరికి కిటుకు తెలిసిపోయిందక్కా. పేదవాళ్ళ కోసం పెట్టిన తలుపునే పేదవాళ్ళు ఒకళ్ళ మొహాన ఒకళ్ళు వేసుకుంటున్నారు.

నాకు కుర్చీలు వద్దు. మా జిల్లాకి రెండో వకీలు కావాలి. నాతో, నా గదితో సంబంధం లేనివాడు. నీ ప్రణాళికలో ఆ ఒక్క ముక్క రాయించు.

నీ తమ్ముడు


కమిటీ కార్యాలయం, రాజధాని

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊరు, మనుషులు తెలియకుండా సంగతి మాత్రం కమిటీలో చెప్పాను. ఒక సభ్యుడు ఇది అరుదైన సమస్య అన్నాడు, ఇంకొకాయన ముందు కేంద్రాల సంగతి తేలాక దీన్ని చూద్దామన్నాడు. పెద్దజడ్జిగారు తల ఊపారు. ఆయన తల ఊపితే అవునని కాదు, తర్వాతి అంశానికి వెళ్ళమని. నేను ఒక నిబంధన రాసి అనుబంధంలో పెట్టాను. అంతవరకే చెయ్యగలిగాను.

ముసాయిదా వచ్చే వారం జిల్లాలకి వస్తుంది. కేంద్రాలని కలపడం గురించి అందులో ఒక ఆలోచన ఉంది. టెలిఫోన్ మీద సలహా ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. చదివి, ఒక రాత్రి గడిచాక జవాబు రాయి. నీ కోపం నాకు తెలుసు.

పని ఎక్కువగా ఉంది. మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క


సహాయ కేంద్రం, కోర్టు వెనక వీధి

అక్కా,

రాత్రి గడిచింది. కోపం గడవలేదు.

మీ మ్యాపు వచ్చింది. గోడకి అంటించాను. గుమస్తమ్మగారు చూసి, ఏమీ అనకుండా పీకి మడతపెట్టి సొరుగులో పెట్టారు. రాష్ట్రం మొత్తానికి ఆరు చుక్కలు. మా జిల్లా మీద చుక్క లేదు. మా చుక్క నది అవతల పెద్ద ఊళ్ళో ఉంది. అంటే మా కొండ పక్కన వాళ్ళు నడిచి రోడ్డుకొచ్చి, బస్సెక్కి, బస్సు మారి, వంతెన దాటి వెళితే అక్కడ పెద్ద భవనం, పదిమంది వకీళ్ళు, ఒకే కేంద్రం. ఆ పదిమందీ ఒకే కేంద్రం వాళ్ళు కాబట్టి, మూడు జిల్లాల్లో ఎవడు ముందొచ్చినా అవతలివాళ్ళకి ఆ పదిమందిలో ఒక్కరూ దక్కరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ఫోన్ సలహా అట. దెబ్బలు తినే మనిషి కొట్టే మనిషి పక్కన కూర్చుని ఫోన్లో ఏం చెబుతుంది? వాతావరణం చెబుతుందా?

ఈ చుక్కలు పెట్టిన మహానుభావుడెవరో గానీ జన్మలో బస్సెక్కి ఉండడు. కనపడితే నా తరఫున ఒక టిక్కెట్టు కొనిపెట్టు. నువ్వు అదే హాల్లో కూర్చుని దీన్ని ఎలా పోనిచ్చావో నాకు అర్థం కావడం లేదు.

తమ్ముడు


ఇల్లు, రాజధాని

తమ్ముడూ,

ఆ మహానుభావుడు నేనే.

ముందు ఉత్తరంలోనే చెప్పాల్సింది. "ఒక ఆలోచన ఉంది" అని రాసి, ఎవరిదో రాయకుండా తప్పించుకున్నాను.

ఎందుకు వేశానో చెబుతాను, ఒప్పుకోమని కాదు. గనుల జిల్లాలో నీలాగే ఒక్కడు ఉండేవాడు. పక్షవాతం వచ్చి పడిపోయాడు. కేంద్రానికి తాళం పడింది. ఎన్నాళ్ళో ఆ సంగతి రాజధానిలో ఎవరికీ తెలియలేదు. నేను వెళ్ళేసరికి ఆ తాళం ముందు మెట్ల మీద మనుషులు కూర్చుని ఉన్నారు, ఎవరో ఒకరు వస్తారని. వాళ్ళలో ఒకాయన ఇల్లు అప్పటికే ఖాళీ చేయించారు. ఆయన తన మంచం కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. ఒక మనిషి మీద ఆధారపడే కేంద్రం ఇక వద్దనుకున్నాను. పదిమంది ఉంటే ఒకరు పడిపోయినా తలుపు తెరిచే ఉంటుందనుకున్నాను. నీ ఉత్తరం వచ్చేసరికి మ్యాపు గీయడం అయిపోయింది. అయిపోయినదాన్ని చెరపడానికి మనసొప్పలేదు.

నువ్వు రాసినదాంట్లో సగం నిజమని ఇప్పటికీ అనుకోవడం లేదు. మిగతా సగం నన్ను పొడుస్తోంది.

వచ్చే నెలలో కమిటీ మీ ఊరు వస్తోంది, జనం మాట వినడానికి. మునిసిపల్ హాల్లో. నువ్వు రా. బస్సులోనే వస్తాను.

నీ అక్క


రాజధాని, మీ ఊరి నుంచి వచ్చిన మర్నాడు

తమ్ముడూ,

ఇంటికి రాకుండా వెళ్ళిపోయానని నీకూ మరదలికీ కోపంగా ఉండి ఉంటుంది. ఎందుకు రాలేదో చెప్పాలి. దానికి హాల్లో నువ్వు బయటికి వెళ్ళాక ఏం జరిగిందో కొంచెం చెప్పాలి. అందరి ముందూ అన్న మాటలే రాస్తాను, అంతకు మించి ఒక్క అక్షరం రాయను.

మైకు కీచుమంటూ ఉంది. పెన్షన్ల గురించి ఒకాయన, నీటి పన్ను గురించి ఒకాయన మాట్లాడారు. అప్పుడు వెనక వరసలోంచి చేతికట్టుతో ఆవిడ లేచింది. నువ్వు ముందు వరసలో ఉన్నావు. వెనక్కి తిరిగి చూసి, వెంటనే లేచి, హాలు పొడుగునా నడుచుకుంటూ తలుపు వైపు వెళ్ళావు. వకీలుగారికి కోపమొచ్చిందని పక్కవాళ్ళు గుసగుసలాడారు. నేను కూడా ఒక్క క్షణం అలాగే అనుకున్నాను. నా మీద కోపమనుకున్నాను. తలుపు మూసుకునేదాకా ఆవిడ మాట్లాడకుండా ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు, నువ్వు ఉత్తరంలో రాసిన మనిషి ఎవరో.

తను బేకరీలో పిండి కలిపే పని చేస్తానని చెప్పింది. కూతుర్ని అప్పగించమని కోర్టు కాగితం వచ్చిందని చెప్పింది. "నా మాట వినకూడదన్నారు. ఆయన్ని తప్పు పట్టను, ఆయన రూలు ఆయనది. వినడానికి కుదిరేవాళ్ళు మీలో ఒక్కరైనా ఉన్నారా?" అని అడిగింది.

పెద్దజడ్జిగారు రాసుకోమన్నారు. రాసుకున్నాను. పక్కనున్న సభ్యుడు తర్వాతివాళ్ళని పిలిచాడు. ఆవిడ కూర్చోలేదు. జవాబు కోసం నిలబడే ఉంది.

సాయంత్రం మీ ఊళ్ళో ఉన్న ప్రైవేటు వకీళ్ళందరి దగ్గరికీ వెళ్ళాను. ఆవిడ భర్త టాంకరు నడిపే కంపెనీకి ఒకాయన వకీలు. ఇంకొకాయన సంసారాల గొడవల్లో తలదూర్చనన్నాడు. మూడో ఆయన తన గుమ్మంలో నన్ను నిలబెట్టి మీ తమ్ముణ్ణే అడగండి అన్నాడు.

వకీలుగా నా సనదు ఇంకా బతికే ఉంది. కోర్టు మెట్లెక్కి చాలా ఏళ్ళయింది, అయినా బతికే ఉంది. ఆవిడ వకాలత్తు నేను తీసుకున్నాను. నేను నీ అక్కనని ఆవిడకి చెప్పాను. కోర్టుకీ చెబుతాను, నువ్వు నీ మనిషికి చెప్పు. ఇద్దరూ ఒప్పుకుంటేనే.

ఆవిడ చెప్పింది విన్న తర్వాత మీ ఇంట్లో నీ ఎదురుగా కూర్చుని భోంచెయ్యడం నాకు చేతకాదు. అందుకే రాలేదు. కేసు అయ్యేదాకా దాని గురించి నువ్వు నాకు రాయకు, నేను నీకు రాయను.

ఇంకొక్కటి. చివరి సమావేశంలో నా మ్యాపు నేనే వెనక్కి తీసుకుంటాను. సభ్యులు సగం అటూ సగం ఇటూ ఉన్నారు. నా చెయ్యి ఇటు పడితే మీ కేంద్రాలు నిలుస్తాయి.

నీ అక్క


సహాయ కేంద్రం

అక్కకి,

నా కక్షిదారుకి చెప్పాను. అభ్యంతరం లేదన్నాడు.

అతని తరఫున నేను ఎవరికైనా ఎలా వాదిస్తానో అలాగే వాదిస్తాను. అక్కవని తగ్గను. తగ్గితే నువ్వే నన్ను ఛీకొడతావు. పని ఎలా చెయ్యాలో నేర్పింది నువ్వే.

మీ మరదలు వండినదంతా వాకిలి వైపు చూస్తూ చల్లారబెట్టింది. కారణం చెప్పలేను కాబట్టి, మీ వదినకి పని పడిందన్నాను. నమ్మలేదు. మన మధ్య ఏదో చెడిందని అనుకుంటోంది. అలాగే అనుకోనీ.

తమ్ముడు


రాజధాని, వానల్లో

తమ్ముడూ,

రాయడానికి ఏమీ లేదు, అయినా రాస్తున్నాను. ఇక్కడ ఒకటే వాన. మేడ మీద నీళ్ళు నిలిచి హాల్లోకి కారుతున్నాయి. మీ బావకి పన్ను నొప్పి, పీకించుకోమంటే ధైర్యం లేదు. మొన్న ఒక మనిషి రోడ్డు మీద అచ్చం నీలా నడుస్తూ వెళ్ళాడు, పిలవబోయాను.

మీరందరూ ఎలా ఉన్నారు?

అక్క


కోర్టు వెనక వీధి

అక్కా,

ఇక్కడా వానే. బావని పన్ను పీకించుకోమను.

మేం బాగానే ఉన్నాం. మొన్న కోర్టు వరండాలో నువ్వు నా పక్కనుంచి వెళుతూ నమస్కారం పెట్టావు. తిరిగి పెట్టాను. జవాను మనల్ని చూసి జాలిపడ్డాడు. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

తమ్ముడు


సహాయ కేంద్రం
చలి మొదలైంది

అక్కా,

తీర్పు వచ్చింది, అప్పీలు గడువూ దాటింది. నా మనిషి అప్పీలు వద్దన్నాడు. కోర్టులో నువ్వూ నేనూ కూడా చూసినదాని గురించి ఇక రాయొచ్చు. అతను నాతో చెప్పుకున్నవి మాత్రం ఎప్పటికీ రాయను.

విచారణ రోజు నువ్వు లేచి వాయిదా అడిగావు. రాజధానిలో తప్పనిసరి పని ఉందన్నావు, అంతే. జడ్జిగారు నా వైపు చూశారు. నేను నా మనిషిని అడిగాను. పాప తల్లి దగ్గర ఉంది, ఆలస్యమైన కొద్దీ అతనికి నష్టం. ఒప్పుకోలేదు. లేచి అభ్యంతరం చెప్పాను. గట్టిగానే చెప్పాను. జడ్జిగారు వాయిదా ఇవ్వలేదు. నువ్వు ఒక్కసారి గడియారం వైపు చూసి, కాగితాలు సర్దుకుని, మొదటి సాక్షిని పిలిచావు.

తర్వాత ఆవిణ్ణి బోనులో క్రాస్ ప్రశ్నలు అడిగింది నేను. ఆవిడ బేకరీ పని తెల్లవారకముందే మొదలవుతుంది. ఆ వేళ పాపని గదిలో ఉంచి బయట తాళం పెట్టి వెళుతుందని మా వాదన. అదే అడిగాను. "పాప నిద్రపోతుండగా బయట తాళం వేసి వెళ్ళేవారా?"

"వేసేదాన్ని" అంది. నేను అక్కడితో ఆపాల్సింది. పాపకి ప్రమాదమని మీకు తోచలేదా అని ఇంకొక మెట్టు ఎక్కాను. ఆవిడ నా వైపు కాదు, అతని వైపు చూసింది. "తాళం లేకపోతే లోపలికి ఎవరొస్తారో ఆయన్ని అడగండి" అంది.

అతను తల వంచుకున్నాడు. జడ్జిగారు అతని వంచిన తల చూస్తూ ఉండిపోయారు. కేసు నా ప్రశ్నతోనే పోయిందని నాకు అక్కడే తెలిసింది. వకీలుగా నాకు నామోషీ. మనిషిగా ఊపిరి ఆడింది. ఈ రెండూ ఒకే ఒంట్లో ఎలా ఇముడుతున్నాయో తెలియడం లేదు.

పాప తల్లి దగ్గరే ఉండాలన్నారు. కానీ నా ప్రశ్న అక్కడితో పోలేదు. పాప ఒంటరిగా ఉండకూడదు కాబట్టి తెల్లవారుజాము పని మానాలని కూడా రాశారు. పిండి కలిపేవాళ్ళకి వేరే వేళ ఎక్కడుంటుంది? ఇప్పుడు ఆవిడ అదే బేకరీలో మధ్యాహ్నం పూట నేల తుడుస్తోంది. అతను కోర్టు మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెడ్డవాడు ఏడవడని ఎవరు చెప్పారో గానీ, అబద్ధం. అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అదీ నా పనే కదా.

ఇవన్నీ నీకు తెలిసినవే. తెలియదనుకుని నువ్వు దాచినది ఇప్పుడు అడుగుతాను.

నిన్న పెద్దజడ్జిగారు ఫోన్ చేశారు, కేంద్రం మూసే సంగతి ఉత్తర్వు రాకముందే తన నోటితో చెప్పాలని. మర్యాదస్తుడు. మాటల మధ్యలో అన్నారు: "మీ అక్కగారు ఆ రోజు వచ్చి ఉంటే మ్యాపు ఆగేదయ్యా. ఒక్క చెయ్యి తగ్గింది." ఏ రోజని అడిగాను. చెప్పారు. మన విచారణ రోజు.

ఫోన్ పెట్టేశాను. గుమస్తమ్మగారు మంచినీళ్ళు తెచ్చి ఏమైందని అడిగారు. మన కేంద్రాన్ని నేనే మూయించానండీ, లేచి నిలబడి గట్టిగా అభ్యంతరం చెప్పి మరీ మూయించాను అన్నాను.

ఒక్క మాట ముందుగా ఎందుకు చెప్పలేదక్కా?

తమ్ముడు


ఇల్లు, రాజధాని

తమ్ముడూ,

చెబితే ఏం చేసేవాడివి? నీ మనిషికి నష్టమని తెలిసీ వాయిదాకి ఒప్పుకునేవాడివా? ఒప్పుకోవు. అప్పుడూ అదే అభ్యంతరం అంతే గట్టిగా చెప్పేవాడివి. కాకపోతే నీ చేత్తో నీ తలుపు మూస్తున్నానని తెలిసి చెప్పేవాడివి. ఆ బరువు నీ మీద వెయ్యడం ఎందుకని నేనే మోశాను. నీకు తెలియకుండా పోతుందనుకున్నాను. పెద్దజడ్జిగారి నోరు సంగతి మరిచిపోయాను.

వాయిదా దొరకదని తెలిశాక కమిటీకి రాసి పంపాను, మ్యాపు వెనక్కి తీసుకుంటున్నానని. చదివారట. లేనివాళ్ళ చెయ్యి లెక్కలోకి రాదన్నారట. ఆ నియమం కూడా మొదటి సమావేశంలో నేనే రాశాను.

ఆవిణ్ణి వదిలేసి బస్సెక్కే దారి ఉంది. ఎక్కలేకపోయాను. ఒంటరివాళ్ళ కోసం రాజధానిలో చెయ్యెత్తడానికి, ఒంటరి మనిషిని ఆ బోనులో నీ ప్రశ్నలకి వదిలి వెళ్ళడం నా వల్ల కాలేదు. అది సరైందో కాదో నాకు తెలియదు. ఒక జిల్లా మొత్తానికి ఒక్క ఆవిడ సాటి వస్తుందా అని మీ బావని అడిగాను. ఆయన, ఆ లెక్క వేసేవాళ్ళతో నువ్వు ఇన్నాళ్ళూ కూర్చున్నావు కదా, వాళ్ళనే అడుగు అన్నారు. నేను ఏ మొహం పెట్టుకుని అడగను?

ఒక్కటి మిగిలింది. నీ మొదటి ఉత్తరం చదివి అనుబంధంలో పెట్టిన నిబంధన గుర్తుందా? దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, కాబట్టి ఎవరూ కొట్టెయ్యలేదు. ఇకమీదట ఒక పక్షం ముందే కేంద్రానికి వచ్చి ఉంటే, రెండో పక్షానికి కేంద్రంతో సంబంధం లేని వకీలుని ప్రభుత్వమే ఇవ్వాలి. ప్రతి జిల్లాలో అలాంటి వకీళ్ళు పేరు నమోదు చేసుకోవాలి. నిన్న వెళ్ళి చూశాను. జాబితాలో మీ జిల్లా పేరు పక్కన ఖాళీ. ఒక్క పేరూ లేదు.

నా పేరు రాశాను.

కమిటీకి రాజీనామా ఇచ్చేశాను. మీ ఊళ్ళో గది తీసుకుని ఉంటాను. మీ బావ ఉద్యోగం ఇక్కడే కాబట్టి ఆయన వస్తూ పోతూ ఉంటారు. ఆయనకి ఇష్టం లేదు, ఆపనూ లేదు. మూసేసిన కేంద్రానికి నేను బదులు కాదు తమ్ముడూ. ఒక్క మనిషి మీద ఆధారపడకూడదని వాదించినదాన్నే ఆ ఒక్క మనిషినై కూర్చుంటున్నాను. రేపు నేను పడిపోతే నా మెట్ల మీదా ఎవరో మంచం తెచ్చుకుంటారు. తెలిసే వస్తున్నాను.

నువ్వు వంతెన అవతలి కేంద్రానికి వెళుతున్నావు కదా. నీ దగ్గరికి ముందు వచ్చినవాళ్ళ అవతలివాళ్ళు నా దగ్గరికి వస్తారు. అంటే ఇక మనం పని గురించి మాట్లాడుకోకూడదు. మన ఇద్దరికీ వేరే మాటలు ఎప్పుడున్నాయి? నాన్న పోయిన రోజు కూడా నువ్వు నన్ను ఏదో సెక్షన్ అడిగావు. వచ్చాక మీ ఇంటికి భోజనానికి వస్తాను, ఈసారి తప్పకుండా. ఏం మాట్లాడాలో మరదలే చెప్పాలి.

నా కోసం ఒక గది చూడు. కోర్టుకి దగ్గరగా, మెట్లు లేకుండా. చేతులు విరిగినవాళ్ళూ ముసలివాళ్ళూ ఎక్కలేరు.

నీ అక్క


పెద్ద కేంద్రం, వంతెన అవతల

అక్కా,

రావద్దని రాద్దామని రెండు కాగితాలు చింపాను. నువ్వు ఒక్కదానివే అక్కడ ఏం చెయ్యగలవు, ఒళ్ళు గుల్ల చేసుకుంటావు అని రాశాను. చదువుకుంటే అవి నేను ఎన్నాళ్ళుగానో నాకు చెప్పుకుంటున్న మాటలే.

ఇక్కడ నాకు మంచి కుర్చీ ఇచ్చారు. కిటికీలోంచి నది కనిపిస్తుంది. మొదటి వారం మన జిల్లా నుంచి ఒక్కరూ రాలేదు. రెండో వారం ఒకాయన వచ్చాడు, సొంత మోటారు సైకిలు ఉన్నాయన. భార్య మీద కేసు వెయ్యాలన్నాడు. అంతకు మించి నీకు చెప్పను. గుమస్తమ్మగారు ఈ ఊరు రానన్నారు. ఊళ్ళోనే ఉన్నారు. నీ దగ్గర పని చేస్తారేమో అడగొచ్చా అని అనుకున్నాను, కానీ ఆవిడకి నా కేసులన్నీ తెలుసు కాబట్టి కుదరదు. ఆవిడే ఆ మాట అన్నారు, నేను అడగకముందే. కళ్ళు తుడుచుకుంటూ అన్నారు.

నిన్న కోర్టు పని మీద వెళ్ళి గది చూశాను. సైకిళ్ళు బాగుచేసే దుకాణం పక్కన, రోడ్డు మట్టానికే ఉంది. మెట్లు లేవు. ఒక గోడకి చెమ్మ ఉంది, వానాకాలంలో ఇబ్బంది పడతావు. కిటికీ పెద్దదే, తెరుచుకుంటుంది కూడా. మీ మరదలు వచ్చి కడిగి, బల్ల ఎక్కడ వెయ్యాలో చూసి వెళ్ళింది. నీకూ నాకూ మధ్య ఏదీ చెడలేదని ఇప్పటికి నమ్మింది.

ఇంటాయన అన్నీ అడిగాడు. ఎవరికి, ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు అని. మా అక్క, వకీలు అన్నాను. ఈ ఊళ్ళో వకీళ్ళంటే ఆయనకి అనుమానం, అందులోనూ నన్ను ఎరుగును. తాళంచెవి చేతిలోనే పట్టుకుని, "ఇంతకీ ఆవిడ ఎవరి తరఫండీ?" అని అడిగాడు.

తర్వాత వచ్చినవాళ్ళ తరఫు అన్నాను. ఆయనకి ఏం అర్థమైందో తెలియదు గానీ తాళంచెవి ఇచ్చాడు. జేబులో ఉంది. బస్సు దగ్గరికి వస్తాను.

నీ తమ్ముడు